చర్మకారుడి కుండ: రాజముద్రలో మన వాటా

రాజముద్ర గురించి బడి పుస్తకంలో ఉండేది ఒకటి, మన వాడల్లో తెలిసింది ఒకటి. బడి పుస్తకంలో అది సారనాథ్ స్తంభం, అశోకుడు, ధర్మం, కింద సత్యమేవ జయతే. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో మాలమాదిగలు ఆ మూడు సింహాల్ని చూసింది రూపాయి బిళ్ళ మీద, పోలీసు పెద్దాఫీసరు భుజం మీద, కోర్టునించి వచ్చిన కాగితం మీద. కనిపించని నాలుగో సింహం పోలీసేనని సినిమాలో హీరో అరిస్తే హాలు హాలంతా ఈలలేసి చప్పట్లు కొట్టింది. కొట్టినవాళ్ళలో మనోళ్ళూ ఉన్నారు. అంటే సింహాలకి జనం ఇచ్చుకున్న అర్థం అధికారం, లాఠీ. ఈ అర్థం ఉత్తపుణ్యానికి రాలేదు. కారంచేడు, చుండూరు చూసిన నేలకి రాజ్యం ముద్ర ఎట్లా కనపడాలో అట్లాగే కనపడింది.

అయితే ముద్రకి ఇంకో చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మనకి వాటా ఉందా, ఉంటే ఎంత అన్నది తేల్చుకోవాల్సిన సంగతి. ఇందుకు రెండు ముద్రల గురించి మాట్లాడుకోవాలి. ఒకటి కేంద్ర ప్రభుత్వానిది, సారనాథ్ సింహాలు. రెండోది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానిది, పూర్ణఘటం. సింహాల మీద బోలెడు పుస్తకాలున్నాయి. కుండ మాత్రం మన కృష్ణ ఒడ్డుది, అమరావతిది. అలాంటి పూర్ణఘటం చెక్కిన పలకని అమరావతి స్తూపానికి ఇచ్చిన ఒక మనిషి పేరు, తండ్రి పేరు, వృత్తి అన్నీ రాతి మీద ఉన్నాయి. అయినా ఆయన గురించి మనకి బళ్ళో చెప్పిన పంతులు లేడు. ఆ మనిషి పేరు విధికుడు. చేసేది తోలుపని.

ముందు సింహాల సంగతి చూద్దాం. 1904-05లో ఓర్టెల్ అనే ఇంజనీరు కాశీ పక్కన సారనాథ్ లో తవ్వకాలు చేయిస్తే అశోకుడి స్తంభం ముక్కలై దొరికింది. దాని శిఖరం ఏడడుగుల ఎత్తు. చునార్ ఇసుకరాయి, అద్దంలా నున్నగా ఉంటుంది. అడుగున బోర్లించిన కమలం, దాని మీద గుండ్రటి పీఠం. పీఠం చుట్టూ ఏనుగు, గుర్రం, ఎద్దు, సింహం. వాటి మధ్య 24 ఆకుల చక్రాలు నాలుగు. పీఠం పైన వీపుకి వీపు ఆనించి నాలుగు దిక్కులకి చూస్తున్న సింహాలు. మనకి చెప్పేవాళ్ళు ఇక్కడితో ఆపుతారు. కాని శిల్పం ఇక్కడితో ఆగలేదు. ఆ సింహాల తలల పైన ఒక పెద్ద ధర్మచక్రం ఉండేది. దాని ముక్కలు కూడా అక్కడే దొరికాయి. కాబట్టి సింహాలు శిఖరం కాదు. అవి మోసేవి. పైన ఉన్నది చక్రం.

బుద్ధుడు మొదటిసారి ఐదుగురికి ధర్మం చెప్పింది సారనాథ్ లో. దాన్నే ధర్మచక్రాన్ని తిప్పడం అన్నారు. బుద్ధుణ్ణి శాక్యసింహుడన్నారు, ఆయన మాటని సింహనాదం అన్నారు. నాలుగు దిక్కులకి నోరు తెరిచిన సింహాల అర్థం అది. పీఠం మీది జంతువులకి మాత్రం పండితులు తలా ఒక అర్థం చెప్పారు. ఏనుగు మాయాదేవి కల అనీ, గుర్రం ఇల్లు విడిచిన సిద్ధార్థుడి గుర్రం అనీ కొందరు. నాలుగు దిక్కుల గుర్తులని కొందరు. ఈ తగాదాతో మనకి పెద్ద పనిలేదు. ఇంకోటి గమనించాలి. ఆ స్తంభం ఒంటి మీద అశోకుడు చెక్కించింది తియ్యటి ధర్మబోధేం కాదు. సంఘాన్ని చీల్చే భిక్షువుకి, భిక్షుణికి తెల్లబట్టలు కట్టించి విహారం బయట ఉంచాలన్న ఆజ్ఞ అది. అశోకుణ్ణి దేవుణ్ణి చేసుకునే తొందర మనకి అక్కర్లేదు. కళింగ యుద్ధానికి పశ్చాత్తాపపడిన 13వ శిలాశాసనంలోనే అడవి జనాల్ని హెచ్చరించాడు, నా చేతిలో ఇంకా బలం ఉంది సుమా అని. ఆంధ్రుల పేరు వచ్చేదీ ఆ శాసనంలోనే.

1950 జనవరి 26న భారత ప్రభుత్వం ఈ శిఖరాన్ని రాజముద్రగా తీసుకుంది. శాంతినికేతన్ లో నందలాల్ బోస్ దగ్గర చదువుకుంటున్న దీనానాథ్ భార్గవ బొమ్మ గీశాడు. సింహాల తీరు తెలియడానికి కలకత్తా జూకి వెళ్ళి వాటిని చూసి వచ్చాడంటారు. బొమ్మలో కనిపించేవి మూడు సింహాలు, పీఠం మధ్యన ఒక చక్రం, కుడివైపు ఎద్దు, ఎడమవైపు గుర్రం, రెండు చివర్లా చక్రాల అంచులు. అడుగునున్న కమలాన్ని వదిలేశారు. సింహాల పైన ఉండాల్సిన పెద్ద చక్రం ఎటూ విరిగిపోయింది, దాన్ని తిరిగి నిలబెట్టే ఆలోచన చేయలేదు. కింద ముండకోపనిషత్తు మాట చేర్చారు. బౌద్ధుల గుర్తుకి ఉపనిషత్తు వాక్యం ఎందుకు అతికించాల్సి వచ్చింది? పాళీలో మాటలు కరువయ్యాయా? ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. ముండకం కూడా యజ్ఞాల్ని గట్టిదనం లేని పడవలని తీసిపారేసిన గ్రంథమే. అయినా ఆ వాక్యాన్ని ఎంచుకున్నప్పుడు దాన్ని గుర్తుంచుకుని ఎంచుకున్నట్టు లేదు. జరిగింది మాత్రం ఇది: చక్రం తల మీదనించి దిగింది, సింహాలు తలకెక్కాయి, బుద్ధుడు అనని మాట కాళ్ళకింద చేరింది.

2022 జులైలో కొత్త పార్లమెంటు భవనం నెత్తిన ఆరున్నర మీటర్ల కంచు సింహాల్ని ఆవిష్కరించారు. బరువు 9,500 కిలోలు. సారనాథ్ సింహాల మొహంలో ఉన్న నెమ్మది ఇందులో లేదు, కోరలు చూపిస్తున్నాయని అప్పుడు పెద్ద రగడ అయింది. కిందనించి చూస్తే అట్లా కనిపిస్తాయని తయారుచేసినవాళ్ళు సమాధానం చెప్పారు. కిందనించి చూసేవాళ్ళకి సింహం ఎట్లా కనిపిస్తదో మనకి కొత్తగా ఎవరూ చెప్పనక్కర్లేదు. నా ఉద్దేశంలో ఆ రగడ సగం దాకానే వెళ్ళింది. మొహాల గురించి మాట్లాడారు గాని తలల మీద లేని చక్రం గురించి మాట్లాడింది తక్కువ.

ఆ చక్రం జెండాలోకి వచ్చిన కథలో అంబేడ్కర్ ఉన్నాడు. 1947లో రాజ్యాంగ సభ వేసిన జెండా కమిటీకి రాజేంద్ర ప్రసాద్ అధ్యక్షుడు, అంబేడ్కర్ సభ్యుడు. జులై 22న సభ జెండాని ఆమోదించింది. కాంగ్రెసు జెండా మీద రాట్నం ఉండేది. ఆ జెండా మొదలు 1921లో బెజవాడలో, పింగళి వెంకయ్య గాంధీకి చూపించిన నమూనాతో. రాట్నం పోయి సారనాథ్ చక్రం వచ్చిందని గాంధీ బాధపడ్డాడు. పత్తి పండే మన నేలలో రాట్నాన్ని అందరూ ఆరాధించిన మాట నిజమే. కాని రాట్నం ఊరి బయటి మనిషిని ఊరి లోపలికి తీసుకురాలేదు. పత్తి చేలో కూలికి వెళ్ళిన మాదిగ ఆడమనిషికి రాట్నం కూలి పెంచలేదు. చక్రం పెంచిందా అని అడగొచ్చు. పెంచలేదు. కాని చక్రం వెనక ఉన్న ధర్మం పుట్టుకని బట్టి మనిషిని లెక్కకట్టడాన్ని ప్రశ్నించింది. ఆ తేడా అంబేడ్కర్ కి తెలుసు. 1954లో బర్మాలో బౌద్ధుల ముందు తను చేసిన పనులు చెప్పుకుంటూ రాజ్యాంగంలో పాళీకి చోటు, రాష్ట్రపతి భవన్ మీద బౌద్ధ వాక్యం, అశోక చక్రాన్ని దేశం గుర్తుగా తీసుకోవడం అని లెక్క చెప్పాడు. రెండేళ్ళకి, 1956 అక్టోబరు 14న, నాగపూర్ లో లక్షల మందితో బౌద్ధం తీసుకున్నాడు.

ఇక్కడే అసలు మెలిక. 1950 జనవరిలో బుద్ధుడి సింహాల్ని ముద్రగా పెట్టుకున్న ప్రభుత్వం అదే ఏడు ఆగస్టులో షెడ్యూల్డు కులాల ఉత్తర్వు తెచ్చింది. హిందువు కానివాడు షెడ్యూల్డు కులం కాడని అందులో రాసింది. సిక్కులకి 1956లో సడలించారు. బౌద్ధులకి సడలించింది 1990లో. అంటే నలభై ఏళ్ళపాటు, బుద్ధుడి ముద్ర వేసిన కాగితం మీదే, బౌద్ధుడివయ్యావు కాబట్టి నీకు ఈ హక్కు లేదని రాసి ఇచ్చారు. క్రైస్తవుల సంగతి ఇప్పటికీ అంతే. గుంటూరు, ప్రకాశం మాలమాదిగల్లో చర్చికి వెళ్ళని ఇల్లు వెతుక్కోవాలి. ఈ ఉత్తర్వు మన జిల్లాల్లో ప్రతి ఇంటి తలుపూ తట్టింది.

ఇక కుండ దగ్గరికి వద్దాం.

అమరావతిని పాత రోజుల్లో ధాన్యకటకం అన్నారు. అక్కడి మహాచైత్యం అనుకుని ఉన్న మట్టిదిబ్బని ఊరోళ్ళు దీపాలదిన్నె అన్నారు. 18వ శతాబ్దం చివర్లో చింతపల్లి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు అమరావతికి మకాం మార్చి కోట, ఊరు కట్టించుకునేటప్పుడు ఆ దిబ్బని రాళ్ళగనిగా వాడుకున్నారు. బుద్ధుడి కథలు చెక్కిన పలకలు గుడికి, చెరువు మెట్లకి, ఇళ్ళకి వెళ్ళాయి. కొన్ని సున్నంగా కాలాయి. 1798లో కాలిన్ మెకంజీ వచ్చి చూసేసరికే నాశనం మొదలైపోయింది. (ఈ జమీందారు చెంచుల్ని భోజనానికి పిలిచి నరికించాడని, నరుకుళ్ళపాడు పేరు అందుకే వచ్చిందని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. పుస్తకాల్లో ఆయన దానధర్మాల వివరమే ఎక్కువ.) 1845లో వాల్టర్ ఇలియట్ తవ్విన పలకలు మద్రాసు వెళ్ళి, అక్కణ్ణించి 1859లో లండన్ చేరాయి. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నవి చాలావరకు అవే. 1877లో సెవెల్ తవ్వాడు. 1880లో మద్రాసు గవర్నరు బకింగ్‌హామ్ డ్యూకు వచ్చి దిబ్బ మొత్తం తవ్వి శుభ్రం చేయమన్నాడు. శుభ్రం చేశారు. ఆ తర్వాత బర్జెస్ వచ్చేసరికి స్తూపం ఉండాల్సిన చోట గొయ్యి మిగిలింది.

బకింగ్‌హామ్ పేరు మనకి ఇంకో రకంగా తెలుసు. 1876-78 కరువులో కూలికోసం మాదిగలు తవ్విన బకింగ్‌హామ్ కాలవ ఆయన పేరు మీదిదే. ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ మూడున్నర మైళ్ళ కాలవ పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకి పని ఇచ్చాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. ఒకే గవర్నరు కాలంలో, ఒకే నాలుగైదేళ్ళలో, మాదిగల చేత కాలవ తవ్వించారు, తోలుపనివాడి పేరున్న స్తూపాన్ని గొయ్యి చేశారు. ఒకదానికి ఒకటి సంబంధం ఉందని తవ్వించినవాళ్ళకి తెలిసే వీలు లేదు.

దిబ్బ పోయినా శాసనాలు మిగిలాయి. స్తంభాలమీద, పలకలమీద, పైకప్పు రాళ్ళమీద ప్రాకృతంలో, బ్రాహ్మీలో. ఇచ్చినవాళ్ళు రాజులు కారు. గృహపతులు, వర్తకులు, భిక్షుణులు, గంధం అమ్మే హంఘుడు, కణ్హుడనే దమిళుడు, నీళ్ళ ఇంటిని చూసుకునేవాడు, రాజుగారి లేఖకుడు. వాసిష్ఠీపుత్ర పుళుమావి కాలంలో ఒక గృహపతి కుటుంబం పడమటి ద్వారం దగ్గర ధర్మచక్రాన్ని నిలబెట్టింది. సారనాథ్ లో చక్రవర్తి నిలబెట్టిన దాన్ని అమరావతిలో ఊరి కుటుంబం నిలబెట్టిందన్నమాట.

ఈ జనంలో విధికుడు ఒకడు. అతని శాసనం లూడర్స్ 1912లో అచ్చువేసిన బ్రాహ్మీ శాసనాల పట్టీలో ఉంది. క్రీస్తుశకం మొదటి రెండు శతాబ్దాల నాటిదిగా లెక్కిస్తారు. విషయం ఇది: నాగ ఉపాధ్యాయుడి కొడుకు, చర్మకారుడు విధికుడు, తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకు నాగుడితో, కూతుళ్ళతో, చుట్టాలతో, స్నేహితులతో కలిసి పూర్ణఘటం పలకని దానం ఇచ్చాడు. రాతి మీద ఉన్న మాటలు చమకార, ఉపజ్ఝాయ, పునఘటకపట.

ఒక్కొక్క మాటా నిదానంగా చూడాలి. చమకార అంటే తోలుపనివాడు. సందేహం లేదు. దాన్ని అతను దాచలేదు, తండ్రి పేరుకన్నా ముందే చెక్కించాడు. ఉపజ్ఝాయ అంటే చదువు చెప్పేవాడు, బౌద్ధ సంఘంలో దీక్ష ఇచ్చి నడిపించేవాడు. సంసారం విడిచిన తర్వాత ఆ పదవి వచ్చిందా, ఇంటిదగ్గరే బోధ చేసేవాడా అన్నది శాసనం చెప్పదు. చెప్పేది ఇంతే: తోలుపనిచేసే ఇంట్లో ఒక ఉపాధ్యాయుడున్నాడు. మనవడికి తాత పేరు పెట్టుకున్నారు. తల్లి, భార్య, కూతుళ్ళు దానంలో భాగస్తులు. పలక చెక్కించడానికి డబ్బుంది, స్తూపం దగ్గర దాన్ని పెట్టడానికి చోటుంది. ఆ చోటుకి అతను చేత్తో ఇచ్చిన రాయి అంటు కాలేదు.

ఇంతవరకు రాతి మీద ఉన్నది. దీన్నించి ఎంత దూరం వెళ్ళొచ్చు? మనలో కొందరు విధికుణ్ణి ఏకంగా తొలి మాదిగ అంటున్నారు. నాకు ఆ తొందర నచ్చదు. రెండువేల ఏళ్ళ కిందటి చమకారుడికీ, ఇవాళ్టి మాదిగ కులానికీ మధ్య వంశవృక్షం గీసేందుకు మన దగ్గర ఆధారం లేదు. తోలుపనికి ఆ రోజుల్లో మచ్చ లేదని కూడా అనలేం. బౌద్ధుల వినయ గ్రంథమైన సుత్తవిభంగంలోనే హీనమైన పనుల పట్టీ ఉంది. మేదరి, కుమ్మరి, సాలె, చర్మకారుడు, మంగలి అందులో ఉన్నారు. బుద్ధుడు చెప్పిన ధర్మం ఒకవైపు, లోకం నడిచిన తీరు ఒకవైపు. కాని ఆ పట్టీలో హీనుడని రాసి ఉన్నవాడు అమరావతిలో రాయి మీద తన పేరు రాయించుకున్నాడు. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చదవాలి. అంబేడ్కర్ 1948లో అంటరానివాళ్ళు చెదిరిపోయిన బౌద్ధులని రాశాడు. విధికుడి పలక ఒక్కదాంతో ఆ సిద్ధాంతం రుజువు కాదు. కాని బౌద్ధం బతికున్న రోజుల్లో తోలుపనివాడు ఎంతవరకు రాగలిగాడో, బౌద్ధం పోయిన తర్వాత అతన్ని ఎక్కడ నిలబెట్టారో పోల్చి చూసేందుకు ఒక కొలరాయి దొరికింది. అది చిన్న సంగతి కాదు.

కుండ కూడా ఎవరి ఒక్కరి సొత్తూ కాదు. నిండుకుండ వేదంలోనూ ఉంది, బౌద్ధ శిల్పంలోనూ ఉంది, మన పోలేరమ్మ కొలుపుల్లో ఘటంగానూ ఉంది. నీళ్ళు, పంట, పిల్లాజెల్లా. అమరావతి శిల్పాల్లో కుండలోంచి కమలాలు, మొగ్గలు పొంగిపొర్లుతుంటాయి. తర్వాత్తర్వాత అది పూర్ణకుంభమైంది. మామిడాకులు, కొబ్బరికాయ, వేదమంత్రం చేరాయి. గుడికి మంత్రి వస్తే పూర్ణకుంభంతో ఎదురెళ్ళేది ఎవరో చెప్పక్కర్లేదు. ఆ కుంభాన్ని మాదిగ చేత పట్టించిన గుడి మన రెండు జిల్లాల్లో నాకైతే తెలియదు. తోలుపనివాడు దానంగా ఇచ్చిన గుర్తుని తోలుపనివాడు ముట్టుకుంటే మైలపడే వస్తువుగా మార్చడానికి ఎన్ని వందల ఏళ్ళు పట్టిందో, ఎవరెవరు పూనుకున్నారో, అది వేరే పరిశోధన. శాసనాలు, గుడి లెక్కలు, స్థలపురాణాలు పట్టుకుని మనవాళ్ళు చేయాల్సిన పని.

నీళ్ళు, తోలు, కుండ ఈ మూడింటి మధ్య మన మెట్టప్రాంతం నడిపిన లెక్క చూస్తే నవ్వొస్తది, ఏడుపూ వస్తది. మిరప మన నేలకి పోర్చుగీసు ఓడలు వచ్చాకనే వచ్చింది, విధికుడు మిరపకాయ రుచి ఎరగడు. కాని బావిలోంచి నీళ్ళు తోడి తోటలు పండించడం పాత పనే. కరెంటు మోటార్లు రాకముందు ఒంగోలు, కందుకూరు వైపు బావుల మీద కపిల తోలేవాళ్ళు. ఎడ్లు, మోకు, తోలుబాన. ఆ తోలు చచ్చిన గొడ్డుది. ఒలిచింది, ఊనింది, కుట్టింది మాదిగ. చచ్చిన గొడ్డు తోలు తీసుకున్నందుకు బదులుగా రైతుకి చెప్పులు, వారులు, కపిల తోలు ఇవ్వాలి. ఆ తోలుబాన రోజంతా బావిలో మునిగి లేచేది. ఆ నీళ్ళతో పండిన కూర, పంట అందరూ తిన్నారు. కపిల దగ్గర దోసిలిపట్టి దాహం తీర్చుకున్న రైతులెందరో. మాదిగ కుట్టిన తోలు బావిలో మునగొచ్చు, మాదిగ మనిషి బిందె మాత్రం ఆ బావిలో మునగకూడదు. ఈ లెక్కలో అంటు ఎక్కడుందో ఏ శాస్త్రం చెప్పగలదు?

ఆ బిందె సంగతే కారంచేడు. 1985 జులై 16న మాదిగలు తాగే చెరువులో గేదె కుడితి బకెట్టు కడుగుతుంటే వద్దన్నారు. చర్నాకోల లేచింది. ఆ దెబ్బకి ఎదురుగా ఒక మాదిగ స్త్రీ చేతిలో ఉన్న నీళ్ళ బిందె ఎత్తింది. మర్నాడు కమ్మ భూస్వాములు వాడ మీద పడి ఆరుగురు మాదిగల్ని చంపారు, ఆడవాళ్ళమీద అత్యాచారం చేశారు. మిగిలినవాళ్ళు చీరాల పోయి చర్చి దగ్గర శిబిరంలో ఉన్నారు. దళిత మహాసభ ఆ శిబిరంలోంచే పుట్టింది. ఆ రోజుల్లో రాష్ట్ర ప్రభుత్వ కాగితాల మీద ఉన్న గుర్తు పూర్ణకుంభం, దాని కింద సింహాలు. నిండుకుండని ముద్రగా పెట్టుకున్న ప్రభుత్వం, బిందెడు మంచినీళ్ళ దగ్గర జరిగిన హత్యలు. ఈ మాట కవిత్వం కోసం అనడం లేదు, ముద్ర వేసిన ఆ ఫైళ్ళు ఉన్నాయి.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని చంపి కాలవలో పడేశారు. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు కావాలని కొట్లాడి సాధించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ లో హైకోర్టు అందర్నీ విడిచిపెట్టింది. సత్యం రెండు తీర్పుల్లో ఎక్కడ గెలిచిందో ఆ మాటని ముద్ర కింద రాయించినవాళ్ళు చెప్పాలి.

తోలుపని, ఉపాధ్యాయత్వం ఒకే ఇంట్లో ఉండటం విధికుడితో ఆగిపోయిందనుకోకూడదు. ఒంగోలు మిషన్ కథలో యర్రగుంట్ల పేరయ్య ఉన్నాడు. మాదిగ, తోళ్ళ వ్యాపారి. క్రైస్తవుడు కాకముందే యోగం నేర్చుకుని శిష్యుల్ని కూడగట్టిన గురువు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. తర్వాత వేలమంది వచ్చారంటే దారి వేసింది క్లౌ దొర కన్నా ముందు పేరయ్యే. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ 1899లో మాదిగల కథల మీద ఒక పుస్తకం తెచ్చింది. చెప్పులు కుడుతూ చెప్పుకున్న కథలని ఆమె దానికి పేరు పెట్టింది. అన్ని కులాలవాళ్ళ మీదా ఉమ్మగల మాతంగి గురించి కూడా అందులో ఉంది. చెప్పులు కుట్టే చేతులకి వేదాంతం ఉంటుందని దొరసాని ఆశ్చర్యపోయింది. నాగ ఉపజ్ఝాయుడి సంగతి తెలిసినవాళ్ళకి ఆశ్చర్యం ఉండదు.

ఇంకా దగ్గరికి వస్తే 1994 జులై 7. ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మంద కృష్ణ, ఆయనతోటివాళ్ళు మాదిగ దండోరా మొదలుపెట్టారు. పేరు చివర మాదిగ అని రాసుకోవడం అక్కణ్ణించి ఉద్యమమైంది. తిట్టుగా వాడిన మాటని బోర్డు మీద, పెళ్ళిపత్రిక మీద అచ్చువేయించుకున్నారు. అప్పట్లో చదువుకున్న పెద్దమనుషులు కులం పేరు పెట్టుకోవడం వెనకబాటుతనం అని ముక్కు విరిచారు. తమ పేర్ల చివర శర్మ, రెడ్డి, చౌదరి ఏ ముందడుగో చెప్పలేదు. రాతి మీద చమకార అని రాయించిన విధికుడి ఊరికీ ఈదుమూడికీ బస్సులో ఒకపూట దూరం.

2014 జూన్ లో రాష్ట్రం విడిపోయింది. 2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముద్రని మార్చి కొత్తగా ప్రకటించింది. అమరావతి శిల్పం తీరులో ధర్మచక్రం, చుట్టూ త్రిరత్నాలు, ఆకులు, మణులు. మధ్యన పునఘటకం. అడుగున సింహాలు. పూసల వరసలు కూడా లెక్కగట్టి చెప్పారు: లోపలి వలయంలో 48, మధ్యలో 118, బయట 148. ఈసారి వివరణలో విధికుడి పేరు కూడా వచ్చింది. ఇది మంచి మాట, ఒప్పుకోవాలి. చక్రం, కుండ, సింహం మూడూ ఒకచోట చేరడం సారనాథ్ ముద్రలో జరగని పని. రంగుల ముద్రతో ఉత్తర్వు వచ్చిన నాటికి రాజధానికోసం అమరావతి చుట్టుపక్కల భూములు సమీకరించి మూడేళ్ళయింది. అసైన్డు భూములున్న దళితులకి పట్టాదారుకన్నా తక్కువ స్థలం లెక్కకట్టిన ప్యాకేజీ కూడా ఆ అమరావతిదే. చెక్కించిన పలక మీద తోలుపనివాడి వాటా రాసి ఉంది, ల్యాండ్ పూలింగ్ కాగితం మీద తక్కువ వాటా రాసి ఉంది.

విధికుడి పేరు ముద్ర మీద లేదు, ఉండాల్సిన పనీ లేదు. పాఠ్యపుస్తకంలో ఉండాలి. ముద్ర బొమ్మ ప్రతి పుస్తకం అట్టమీద అచ్చేస్తారు గదా, దాని కింద రెండు వాక్యాలు రాయడానికి ఎంత సిరా కావాలి? అమరావతి మ్యూజియంకి ఏటా బడిపిల్లల్ని తోలుకొస్తారు. గైడు చెప్పే కథలో మాయాదేవి కల ఉంటుంది, నలగిరి ఏనుగు ఉంటుంది. తోలుపనివాడి ఇల్లు కూడా ఉండాలని అడగటానికి మనకి జీవో అక్కర్లేదు.

ఈ ముద్ర మన ఇళ్ళలోకి వచ్చేది ముఖ్యంగా ఒక కాగితం మీద. కులధ్రువీకరణ పత్రం. మీసేవలో దరఖాస్తు పెట్టుకుంటే తాసిల్దారు ఇస్తాడు. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, ఊరు, కులం. విధికుడి శాసనంలో ఉన్న వివరాలు దాదాపు అవే, వరస కూడా కొంచెం అటూఇటూ అంతే. మాదిగ, హిందువు అంటే ఎస్సీ. మాదిగ, బౌద్ధుడు అంటే 1990 తర్వాత ఎస్సీ. మాదిగ, క్రైస్తవుడు అంటే బీసీ-సీ. చర్చికి వెళ్ళేవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదని 2025లో హైకోర్టు తీర్పు ఇచ్చింది కూడా మన బాపట్ల వైపు కేసులోనే. అందుకే ఆదివారం ప్రార్థనకి వెళ్ళొచ్చిన తండ్రి సోమవారం ఆ దరఖాస్తులో మతం గడి దగ్గర పెన్ను ఆపి పక్కవాణ్ణి అడుగుతాడు, ఏం రాయమంటావు బాబాయ్ అని. బాబాయి ఏం చెప్పినా, తాసిల్దారు ఏం తేల్చినా, వచ్చే కాగితం నెత్తిన ఉండేది చర్మకారుడు ఇచ్చిన కుండ.